పాఠకుల ప్రశ్నలు: అరవై గ్రహాలకు ఎన్ని తూములు?

ప్రశ్న: మేము నలుగురం ఇంజినీరింగ్ చివరి సంవత్సరం విద్యార్థులం. కలిసి ఒక అంతరిక్ష వ్యూహక్రీడను తయారు చేస్తున్నాము. ఆటగాడు ఒక గ్రహంతో మొదలుపెట్టి అరవై గ్రహాల దాకా విస్తరించవచ్చు. ప్రతి గ్రహంలో ఏ భవనం కట్టాలో, ఎంతమందిని ఏ పనిలో పెట్టాలో అతడే నిర్ణయించాలి. హాస్టల్ మిత్రులు మొదటి గంట ఎంతో ఇష్టంగా ఆడుతున్నారు, కానీ నూరో టర్న్ (ఆటలో ఒక్కో విడత) రాకముందే వదిలేస్తున్నారు. వివరాలు తగ్గిస్తే ఆట పలచబడుతుందేమోనని మా భయం. లోతు పోకుండా ఈ చాకిరీని తగ్గించడం ఎలా?
– ఒక విద్యార్థి, హనుమకొండ

జవాబు: మీ భయం అర్థమైంది, కానీ మీరు ఆట లోతునూ, ఆటగాడు చేయవలసిన పనినీ ఒకే గాటన కట్టారు. చిన్న లెక్క వేసి చూడండి. రాజ్యంలో 4 గ్రహాలున్నప్పుడు ఒక్కొక్కటీ రాజ్యంలో నాలుగో వంతు. ఒక భవనం పూర్తికావడానికి 5 టర్న్‌లు పడుతుందనుకుంటే, ఆ 5 టర్న్‌లలో ఆటగాడు తీసుకునే నిర్ణయాలు నాలుగే, ప్రతి ఒక్కటీ బరువైనదే. అదే పద్ధతిలో గ్రహాలు 40 అయితే అదే వ్యవధిలో 40 నిర్ణయాలు తీసుకోవాలి, వాటిలో ఏ ఒక్కటీ రాజ్యంలో నలభయ్యో వంతును మించి కదిలించలేదు. పని పదింతలు పెరిగి, ఒక్కో నిర్ణయం విలువ పదో వంతుకు పడిపోయింది. మీ మిత్రులు ఆట వదిలేస్తున్నది సరిగ్గా ఇక్కడే అని నా నమ్మకం.

ఈ మధ్య మా అన్న కొడుకు ఇలాంటి ఆట ఆడుతుంటే పక్కన కూర్చుని చూశాను. ముప్పయ్యో టర్న్‌లో, ఒక గనుల గ్రహంలో ముందు కర్మాగారం కట్టాలా ప్రయోగశాల కట్టాలా అని చాలాసేపు ఆలోచించి, ఒకటి ఎంచుకుని, రద్దు చేసి, మళ్లీ దాన్నే ఎంచుకున్నాడు. నూట నలభయ్యో టర్న్‌కు వచ్చేసరికి గ్రహం పేరు కూడా చదవకుండా జాబితాలో పైన ఏది కనిపిస్తే దాన్ని నొక్కుతున్నాడు. చూపంతా తెర మూలన ఉన్న 'తర్వాతి టర్న్' మీటపైనే ఉంది. ఏమిటి కట్టావని అడిగితే చెప్పలేకపోయాడు. ఆటలో ఒక్క వివరం కూడా తగ్గలేదు, అయినా అతడికి అందులో ఆలోచించడానికి ఏమీ మిగల్లేదు.

దీనికి మన దగ్గరి చెరువుల కింది సేద్యంలో మంచి దారి కనిపిస్తుంది. మా తాత ములుగు దగ్గర ఒక ఊరి చెరువుకు నీరటిగా ఉండేవాడు. ఆయన ఏ రైతు మడిలోకీ వెళ్లి గట్టు తెంపేవాడు కాదు. ఆయన పని తూము దగ్గర, కాలువ చీలే చోట. ఏ కాలువకు ఎంతసేపు నీళ్లు వదలాలన్నది ఆయన నిర్ణయం, ఆ తర్వాత మడి నుంచి మడికి నీళ్లు పారించుకోవడం రైతుల పని. అంతకంటే పెద్ద నిర్ణయం తైబందీ. కాకతీయుల కాలపు రామప్ప, లక్నవరం, పాకాల చెరువుల కింద ఇప్పటికీ యాసంగికి ముందు చెరువులో ఎన్ని అడుగుల నీళ్లున్నాయో చూసి, ఎన్ని ఎకరాలకు ఇవ్వగలమో, ఆయకట్టులో ఏ భాగం ఈసారి పడావు ఉండాలో ఖరారు చేస్తారు. అది పంటకాలానికి ఒక్కసారి తీసుకునే నిర్ణయమే అయినా దాని ఫలితం ఊరంతా అనుభవిస్తుంది. గమనించవలసింది ఇంకొకటి ఉంది: చెరువు నిండి మత్తడి దూకుతున్న ఏడు తైబందీ గురించి ఎవరూ వాదులాడరు. నీళ్లు చాలనప్పుడే ఆ నిర్ణయానికి బరువు వస్తుంది.

మీ ఆటలో అరవై గ్రహాలకు అరవై వేర్వేరు నిర్మాణ వరుసలు పెట్టారు, అంటే ప్రతి మడికీ ఒక తూము పెట్టినట్టే. దానికి బదులు ఒక నక్షత్ర ప్రాంతంలోని గ్రహాలన్నింటికీ కలిపి ఒకే నిర్మాణ సామర్థ్యం ఇవ్వండి, అదీ అన్నింటికీ సరిపోనంతగానే ఇవ్వండి. కొత్త గ్రహంలో అడుగుపెట్టినప్పుడే అది ధాన్యానికా, లోహానికా, పరిశోధనకా అని ఒక్కసారి అడగండి, ఆ జవాబును తర్వాత మార్చుకోవడం ఖర్చుతో కూడినదిగా ఉంచండి. మొదటి నాలుగైదు గ్రహాలను మాత్రం ఇప్పుడున్నట్టే చేతితో మలచుకోనివ్వండి. మీ మిత్రులకు నచ్చిన మొదటి గంట ఆనందమంతా అందులోనే ఉంది కనుక దాన్ని చెడగొట్టవద్దు.

1993లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ ఓరియన్'ను మీరు నలుగురూ తప్పక ఆడి చూడాలి. అందులో ఒక నక్షత్రానికి ఒకే గ్రహం. గ్రహానికి నౌకలు, రక్షణ, పరిశ్రమ, పర్యావరణం, సాంకేతికత అనే ఐదు స్లైడర్లు (అటూ ఇటూ జరిపే మీటలు). ఒకటి పెంచితే మిగిలినవి తగ్గుతాయి. 1996 నాటి రెండో భాగంలో భవనాలను ఒక్కొక్కటిగా కట్టించే పద్ధతి, జనాన్ని రైతులుగా, కార్మికులుగా, శాస్త్రవేత్తలుగా విడదీసే పద్ధతి వచ్చాయి. దాన్ని ఎక్కువగా ప్రేమించేవారు చాలామంది ఉన్నారు, నాకూ అది ఇష్టమే. అయినా రాజ్యం పెద్దదయ్యాక చేయి నొప్పిపుట్టేది రెండోదానిలోనే.

ప్రశ్న: గ్రహాల పాలనను కంప్యూటర్ నడిపే గవర్నర్లకు అప్పగిస్తే సమస్య తీరిపోదా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: తీరదు, చాలాసార్లు ముదురుతుంది. 2003లో వచ్చిన 'మాస్టర్ ఆఫ్ ఓరియన్ 3' చేసింది అదే: గ్రహాలను ప్రతినిధులకు అప్పగించింది. ఆట తనంతట తానే నడుస్తోందని, తాము చెప్పినదాన్ని ఆ ప్రతినిధులు మార్చేస్తున్నారని ఆటగాళ్లు విసుక్కున్నారు. 2016లో 'స్టెలారిస్' కూడా మొదట్లో నేరుగా పాలించగల గ్రహాలకు పరిమితి పెట్టి, మిగిలినవాటిని సెక్టార్ల కింద కంప్యూటర్‌కు వదిలింది. ఆ పద్ధతిని తర్వాత మార్చుకోక తప్పలేదు. ఏ పనినైనా కంప్యూటర్ మనిషి అంత బాగా చేయగలిగితే అందులో నిర్ణయమంటూ లేదని అర్థం, దాన్ని ఆటలోంచి తీసేయవచ్చు. చేయలేకపోతే, తన గ్రహం పాడవుతుంటే చూస్తూ ఊరుకునే ఆటగాడు ఉండడు, మళ్లీ వెనక్కి వచ్చి అన్నీ సరిచేస్తాడు, పని రెట్టింపవుతుంది.

అయితే 2010 నాటి 'డిస్టెంట్ వరల్డ్స్' ఒక మంచి దారి చూపింది. అందులో సరకు రవాణా నౌకలు ప్రజలవి, ప్రభుత్వం చేతిలోనివి కావు. ఆటగాడు వాటికి ఆజ్ఞలు ఇవ్వడు, పన్ను తీసుకుంటాడు, దారులు కాపాడతాడు. తన పనే కానిదాన్ని వేరొకరు చేస్తుంటే ఆటగాడికి ఏ బాధా ఉండదు.

ప్రశ్న: మేము తయారు చేస్తున్న ఇలాంటి ఆటలో వంద యుద్ధనౌకలకు విడివిడిగా ఆజ్ఞలు ఇవ్వవలసి వస్తోంది. ఏం చేయాలి?
– ఒక పాఠకుడు, మంచిర్యాల

జవాబు: వందను పన్నెండు చేయండి. ఒక్కో నౌక ధర, నిర్వహణ ఖర్చు పెంచితే సంఖ్య దానంతట అదే తగ్గుతుంది, నౌక పోయినప్పుడు ఆటగాడికి అది పోయిందన్న బాధ కూడా కలుగుతుంది. ధర మార్చడం ఇష్టం లేకపోతే ఆజ్ఞలు దళానికి ఇవ్వండి, నౌకకు కాదు. దెబ్బతిన్నవి తామే మరమ్మతుకు వెళ్లి తిరిగి దళంలో చేరేలా చూడండి.