కొబ్బరితోటలో కేరవాన్ క్యాంపు పెడితే ఫోను చెకిన్ సరిపోతుందా, ఎదురువెళ్ళే మనిషి ఉండాలా?

రాజోలు వైపు మీకు కొబ్బరితోట ఉన్నదనీ, అందులో పడుకోవడానికీ వండుకోవడానికీ వసతి ఉన్న కేరవాన్ బండ్లు నాలుగైదింటికీ, కొన్ని గుడారాలకూ చోటు ఇవ్వదలచారనీ రాశారు. గేటుకు నంబరు తాళం బిగించి, బుకింగు, డబ్బు, గుర్తింపు కార్డు అన్నీ ఫోనులోనే ముగిస్తే సరిపోతుందా, లేక వచ్చినవారికి ఎదురువెళ్ళే మనిషి ఉండి తీరాలా అని అడిగారు. గోదావరి పాయ అయిన వసిష్ఠ ఏటిగట్టుకు ఆనుకుని మాకూ ఒక తోట ఉన్నది, అందులో మా మేనల్లుడు ఇదే పని నడుపుతున్నాడు కనుక నా మాట సూటిగా చెబుతాను. డబ్బునూ కాగితాలనూ నిశ్చింతగా ఫోనుకు అప్పగించండి. బండిని గేటు నుంచి నిలిపే చోటు దాకా తీసుకువెళ్ళే పని మాత్రం మనిషికే ఉంచండి. గోదావరి జిల్లాల మర్యాద నిలబెట్టాలని చెబుతున్న మాట కాదు ఇది. మర్యాద గురించి మనవాళ్ళు చెప్పుకునే దానిలో సగం సొంత డబ్బా.

మనిషి లేని చెకిన్ అసలు పనిచేయదని నేను అనను. అది చక్కగా పనిచేసే చోటును కళ్ళారా చూశాను. అమెరికాలో మా అమ్మాయి దగ్గరకు వెళ్ళినప్పుడు అల్లుడుగారు అక్కడివాళ్ళు ఆర్వీ అనే కేరవాన్ ఒకటి అద్దెకు తీసుకుని మమ్మల్ని తిప్పారు. 1962లో మోంటానా రాష్ట్రంలోని బిల్లింగ్స్‌లో మొదలై తరువాత ఆ దేశమంతటా విస్తరించిన కేవోఏ క్యాంపుల్లో ఒకదానికి మేము చేరేసరికి బాగా పొద్దుపోయింది, ఆఫీసు మూసేశారు. తలుపు పక్కన బోర్డుకు మా పేరు రాసిన కవరు గుచ్చి ఉన్నది. అందులో క్యాంపు పటమూ, ఆ పటంలో మా స్థలం చుట్టూ పెన్నుతో చుట్టిన సున్నా ఉన్నాయి. తెల్లవారేదాకా ఒక్క మనిషి ముఖం చూడలేదు, చూడవలసిన అవసరమూ రాలేదు. ఎందుకంటే అక్కడ ఏ స్థలం చూసినా ఒకటే తీరు: చదును చేసి కంకర పరిచిన నేల, నంబరు వేసిన స్తంభం, ఆ స్తంభానికి 30 ఆంపియర్ల ప్లగ్గు ఒకటి, 50 ఆంపియర్లది ఒకటి, పక్కనే కుళాయి, మురుగు గొట్టం దించే కన్నం. నేలను అంత ఒకే తీరుగా తయారుచేసిన తరువాత చెప్పవలసింది స్థలం నంబరు ఒక్కటే, అది కాగితమైనా చెబుతుంది.

అదే ప్రయాణంలో యోసెమిటీ జాతీయ ఉద్యానవనానికి వెళితే పద్ధతి వేరుగా ఉన్నది. బుకింగు అంతా ముందే ఇంటర్నెట్‌లో అయిపోయినా, ఒక పెద్దాయన మా గుడారం దగ్గరకు నడిచి వచ్చారు. అటువంటివారిని క్యాంప్ హోస్టులు అంటారట. అద్దె లేకుండా తమ ట్రైలరు అక్కడే పెట్టుకుని, బదులుగా క్యాంపు చూసుకుంటారట. తిండి సామానంతా ఎలుగుబంట్లు తెరవలేని ఇనుప పెట్టెలో పెట్టాలనీ, టూత్‌పేస్టు కూడా అందులోకే పోవాలనీ బోర్డు మీద ఎటూ రాసి ఉన్నది. మా మనవడి చొక్కా జేబులో బిస్కెట్లు ఉన్న సంగతి మాత్రం బోర్డుకు తెలియదు. ఆయన చూసి, నవ్వి, తీయించారు. అంటే ఆ దేశంలో కూడా నేలను మనిషి తన అదుపులోకి తెచ్చుకున్న చోట యంత్రమూ, తెచ్చుకోని చోట మనిషీ ఉన్నారన్నమాట.

మన డెల్టాలో నేల ఎవరి అదుపులో ఉన్నది? 1852లో ధవళేశ్వరం దగ్గర కాటన్ ఆనకట్ట పూర్తయినప్పటి నుంచి ఇక్కడి నేల తడి కాలువల లెక్కను బట్టి నడుస్తున్నది. వేసవిలో కాలువలు కట్టేసినప్పుడు గునపం దిగని ఒండ్రు నేల, రెండో పంట దాళ్వా రోజుల్లో తోటకు నీరు తెచ్చే పిల్లకాలువ బోదెలోకి నీరు వదిలిన పూట మోకాలి లోతు బురద అవుతుంది. పైగా ఏరు సముద్రంలో కలిసే మొగకు దగ్గరగా ఉన్న తోటల్లో పోటు వచ్చినప్పుడు మురుగు కాలువలు వెనక్కి తన్నుతాయి. నిన్న బండి నిలిచిన చోట ఈరోజు నిలుస్తుందన్న నమ్మకం లేదు. ఈ సంగతి తెలియాలంటే పొద్దున ఆ తోటలో తిరిగి ఉండాలి.

మా మేనల్లుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేరు ఉద్యోగి, తెలివైనవాడు, కొంచెం తొందర మనిషి. ఎవరి మీదా ఆధారపడనవసరం లేని ఏర్పాటు అంటూ గేటుకు నంబరు తాళం, తోటలో వాటంతట అవే వెలిగే దీపాలు, ఫోనుకు వచ్చే సందేశాలు అన్నీ పెట్టించాడు. ఒక కనుమ నాటి రాత్రి విశాఖపట్నం నుంచి ఒక కుటుంబం టెంపో ట్రావెలర్‌ను మార్చి కట్టిన కేరవాన్‌లో వచ్చింది. ఆ రోజు జగ్గన్నతోటలో ప్రభల తీర్థం. పదకొండు ఊళ్ళ నుంచి ఏకాదశ రుద్రుల ప్రభలు, అంటే వెదురు కట్టి అలంకరించిన ఎత్తైన చట్రాలు, భుజాల మీద వస్తుంటే మా తోట చూసుకునే అతను ఇక్కడ గేటు పట్టుకుని కూర్చోవాలనడం అన్యాయం, పైగా గేటుకు అతని అవసరం లేదని మావాడు అప్పటికే తేల్చేశాడు. ఆ ఏడాది దాళ్వాకు కాలువ నీరు వంతుల వారీగా ఇచ్చారు, మా బోదెకు ఆ పూటే వంతు వచ్చింది. అందువల్ల అతను పొద్దున్నే మూడో వరుస పాదులకు నీరు వదిలి తీర్థానికి వెళ్ళాడు.

యంత్రం ఎక్కడా తప్పలేదు, ఆ రాత్రి నాకు ఆశ్చర్యం కలిగించింది అదే. కోడు నొక్కగానే గేటు తెరుచుకున్నది, దీపాలు వెలిగాయి, డబ్బు ముట్టిన రసీదు వచ్చింది, స్థలం సంఖ్య మూడు అని సందేశం వచ్చింది. డ్రైవరు దీపాల వెంట మూడో వరుసలోకి తిప్పాడు. ముందు చక్రాలు ఎలాగో దాటాయి కానీ వెనుక చక్రాలు ఇరుసు దాకా దిగబడ్డాయి, అతను కంగారులో ఇంజను పెంచేసరికి ఇంకా లోతుకు తవ్వుకున్నాయి. బండి పక్కకు ఒరిగి, లోపల గిన్నెలు దొర్లి, పిల్లలు ఏడుస్తుండగా యజమాని ఫోనుకు మరో సందేశం వచ్చింది: మీ చెకిన్ విజయవంతంగా పూర్తయింది, మా స్వాగతానికి ఎన్ని నక్షత్రాలు ఇస్తారు? (ఈ నక్షత్రాల పీడ గురించి ఒక మాట. గ్యాసు బండ తెచ్చినా, చెవి పరీక్ష చేయించుకున్నా, ఆఖరికి శ్మశానానికి బండి కట్టించుకున్నా మీ అనుభవం ఎలా ఉందని అడిగే రోజులు వచ్చాయి. జవాబు ఇవ్వకపోతే మళ్ళీ మర్నాడు అడుగుతారు.)

మా ఇల్లు తోటకు ఆ చివర ఉన్నది. ఇంజను రొద విని టార్చిలైటు పట్టుకుని వెళ్ళేసరికి వాళ్ళ పెద్దావిడ చీర కుచ్చెళ్ళు ఎత్తి పట్టుకుని బురదలో నిలబడి ఉన్నారు. నన్ను చూడగానే ఆవిడ అన్న మొదటి మాట, "ఏమండీ, ఇక్కడ మనుషులంటూ ఎవరూ ఉండరా?" తీర్థం నుంచి తిరిగివస్తున్న కుర్రవాళ్ళను పొలాల మధ్య బండిదారి పుంత దగ్గర ఆపి, చక్రాల కింద ఎండు కొబ్బరి మట్టలు పరిపించి, పక్క చేను ట్రాక్టరు తెప్పించి తాడు కట్టి లాగించేసరికి అర్ధరాత్రి దాటింది. తెల్లవారి చూస్తే ఆ మూడో స్థలం మీద రెండు చెట్లకు గెలలు ముదిరి వేలాడుతున్నాయి. చెట్టెక్కి కాయలు దించే దింపువాళ్ళు పండగ తరువాత వస్తామన్నారట. ఒక కాయ రాలి, బండి అంతకుముందు నిలబడ్డ చోటే నేలలో గుంట చేసింది. బండి పైన సోలారు పలకలున్నాయి, కింద పిల్లలున్నారు. సంగతి విన్న మా మేనల్లుడు ఫోనులో అన్నది ఇది: "నేల తడి కొలిచే సెన్సారు పెడదాం మావయ్యా." పెట్టవచ్చు. తరువాత ముదిరిన గెలలకు ఒకటి, బోరు నీటి ఉప్పుకు ఒకటి, రాత్రి ఓల్టేజీకి ఒకటి పెట్టుకుంటూ పోతే చివరికి తయారయ్యేది మా తోట చూసుకునే అతనే.

ఇప్పుడు మా దగ్గర జరిగే స్వాగతంలో పూలదండలేమీ లేవు. బండి పుంత మలుపు తిరగగానే అతను టార్చి పట్టుకుని ముందు నడుస్తాడు, బండి వెనుక వస్తుంది. నడుస్తూనే బండి ఎత్తు చూసి కరెంటు తీగ కింద పడుతుందో లేదో అంచనా వేస్తాడు, దింపు అయిపోయిన చెట్ల వరుసలో నిలబెట్టిస్తాడు, అవసరమైతే ముందుగానే మట్టలు పరుస్తాడు. స్నానానికి ఏ కుళాయో, బండి ట్యాంకులో తాగడానికి నింపుకోవలసింది ఏ కుళాయో చూపిస్తాడు, ఎందుకంటే మా బోరు నీరు ఉప్పన. మరుగుదొడ్డి డబ్బా ఎక్కడ వంపాలో చేయి పట్టుకుని తీసుకువెళ్ళి మరీ చూపిస్తాడు. ఈ ఒక్క విషయంలో మీరు గట్టిగా ఉండండి. చూడటానికి ముచ్చటగా ఉన్న ఆ కాలువ నుంచే ఊళ్ళ మంచినీటి చెరువులు నిండుతాయి, పట్నం నుంచి వచ్చినవారికి అది పారే నీరు, వంపితే పోతుంది అన్నంత వరకే తెలుసు. బోర్డు పెట్టి చూశాము, బోర్డు పక్కన నిలబడి ఫొటోలు తీసుకున్నారు.

ఏసీ సంగతి కూడా అతనే చెబుతాడు. మా చుట్టూ రొయ్యల చెరువులు, చేపల చెరువులు. తెల్లవారుజామున చెరువు నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గుతుంది కనుక రాత్రంతా నీటిలోకి గాలి కలిపే ఏరియేటర్లు తిరుగుతూనే ఉంటాయి, ఓల్టేజీ పడిపోతుంది. నిద్రపోయే ముందే గది చల్లబరచుకుని ఆపేయమని చెబితే వింటారు. చెప్పకపోతే రెండు గంటల రాత్రి ఫోను చేసి మీ కరెంటు బాగాలేదని తిడతారు.

ఇంతా చెప్పి, మనిషి స్వాగతమంటే అన్నీ సుగుణాలే అని నమ్మించను. పెద్ద రిసార్టుల్లో బొట్టు పెట్టి, రంగు నీళ్ళ గ్లాసు చేతికిచ్చి, ఫొటో తీసి, గది తాళం మాత్రం అరగంట తరువాత ఇచ్చే తంతు కంటే నోరులేని యంత్రం ఎంతో నయం. ఇక మన ఊళ్ళలో మరో జబ్బు ఉన్నది. బండి దిగీదిగగానే మీ ఇంటిపేరేమిటండీ, మీరెవరివాళ్ళండీ అని మొదలుపెట్టి, కులం తేలేదాకా మంచినీళ్ళు కూడా ఇవ్వరు. ఒక అబ్బాయీ అమ్మాయీ జంటగా వస్తే పెళ్ళయిందా అని ఆరా తీస్తారు. నంబరు తాళం ఎవరినీ ఏ కులమని అడగదు, ఆ మేరకు దానికి దండం పెట్టాలి. మా మేనల్లుడు ఈ విషయంలో పట్టుబట్టాడు, పట్టుబట్టడం సబబే: పేరు, బండి నంబరు తప్ప మరేమీ అడగరాదని తోట చూసుకునే అతనికి ఖండితంగా చెప్పాడు. వాగుడుకాయ అయిన నాకూ ఆ నిబంధన వర్తిస్తుందట.

కాగితాలు ఫోనులో ముగియడమే మేలని మొదటే అన్నాను. ఆధార్ జిరాక్సులు కుప్పలుగా తీసుకుని, తరువాత వాటినే పకోడీ పొట్లాలకు అమ్మేసే లాడ్జీల కాలం పోవాలి. చివరి నాలుగు అంకెలు మాత్రమే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ముందుగా పంపమని అడగండి, ఎవరూ నొచ్చుకోరు. విదేశీయులు వస్తే 24 గంటలలోగా వాళ్ళ బస వివరాల ఫారం ఆన్‌లైన్‌లో ప్రభుత్వానికి పంపడం మీ బాధ్యత, వాళ్ళ పాస్‌పోర్టు, వీసా వివరాలు బుకింగప్పుడే చేతికి అందితే పని తేలిక. కొబ్బరి చెట్టు కింద నిలబెట్టి ఫారాలు నింపించడం అతిథికీ శిక్షే, మనకూ శిక్షే.

వరదల మాట మీరు అడగలేదు కానీ గట్టు లోపల, అంటే ఏటి వైపు, స్థలం ఇవ్వబోయేవారు అది తప్పించుకోలేరు. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది. 2022 జూలైలో బ్యారేజీ నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వచ్చినప్పుడు ఏటి మధ్య లంకల్లో ఇళ్ళు ఏమయ్యాయో మీకూ గుర్తుండే ఉంటుంది. అంకెలు ఫోనుకు వస్తాయి, రావాలి కూడా. కానీ 11.75 అన్న అంకె చూసి విశాఖపట్నం డ్రైవరుకు ఏమి అర్థమవుతుంది? చాకలిపాలెం దగ్గర కనకాయలంక కాజ్‌వే లాంటివి ముందు మునుగుతాయనీ, ఏ దారిన గట్టు ఎక్కాలో, బండి ఏ పూట కదలాలో చెప్పేది ఇక్కడి మనిషే. మేము మాత్రం వరద నెలల్లో గట్టు లోపలి స్థలాలు ఎవరికీ ఇవ్వము. మీరూ ఇవ్వకండి.

తాళం ఒకసారి కొంటే అయిపోతుంది, మనిషికి నెలనెలా జీతం ఇవ్వాలి కదా అని మీరు లెక్క వేస్తూ ఉంటారు, మా మేనల్లుడూ వేశాడు. మీ తోటకు నీరు పెట్టడానికి, రాలిన కాయలు ఏరడానికి, దింపు నాడు లెక్క చూడటానికి ఎవరో ఒకరు ఇప్పటికే ఉండి ఉంటారు. కొత్తగా యూనిఫారం తొడిగి ఎవరినీ పెట్టనవసరం లేదు, పొద్దున ఆ నేల తొక్కినవాడే సాయంత్రం ఎదురువెళ్ళాలి. అందుకు బండికి ఇంత అని విడిగా ఇవ్వండి, జీతంలో కలిపేస్తే అది వెట్టి అవుతుంది. అతను ఊళ్ళో లేని రోజు బుకింగు తీసుకోకండి. ఈ ఏర్పాటును మా మేనల్లుడు యాప్‌లోనే చేశాడు: ఏ పొద్దున ఏ వరుసకు నీరు పెట్టాడో అతను తన ఫోనులో నొక్కితే ఆ స్థలం ఆ రోజుకు ఎవరికీ కనిపించదు, సెలవు అని నొక్కితే గేటు కోడు ఎవరికీ వెళ్ళదు. వచ్చే సంక్రాంతికి భోగి, పండగ, కనుమ మూడు తేదీలూ అతను ఇప్పటికే మూసేశాడు, అడిగినవారిని ముక్కనుమ నాడు రమ్మంటున్నాము.