మూడో వరుసలో ఎవరు కూర్చుంటారు?

ప్రశ్న: నమస్కారమండి. మాది గుంటూరు బ్రాడీపేట. ఇంట్లో ఆరుగురం: మేమిద్దరం, పదకొండేళ్ల బాబు, ఆరేళ్ల పాప, అత్తయ్యగారు, మామయ్యగారు. అత్తయ్యగారికి రెండు మోకాళ్లకూ ఆపరేషన్ అయింది. కారు రోజూ నేనే నడుపుతాను. పిల్లల్ని స్కూల్లో దింపి ఆఫీసుకు వెళ్తాను. పదిహేను రోజులకోసారి అందరం తెనాలి దగ్గర మా ఊరు వెళ్లి బియ్యం, కూరగాయలు తెచ్చుకుంటాం. ఏడాదికి రెండుసార్లు తిరుపతి ప్రయాణం ఉంటుంది. పండగలకి ఆడపడుచు కూడా వస్తే ఏడుగురం. బడ్జెట్ 12 లక్షలు. లండన్‌లో ఉన్న మా తమ్ముడు పాత ఎస్టేట్ కారు, అంటే వెనక డిక్కీ పొడుగ్గా ఉండే కారు, ఒకటి కొన్నాడు. దాని డిక్కీ నేలలోంచి రెండు సీట్లు పైకి లేస్తాయి, అక్కర్లేనప్పుడు మడిచేస్తారు. అలాంటిది ఇక్కడ దొరకదా? ఐదు సీట్ల కారు కొని, ఆటోనగర్‌లో వెనక ఒక సీటు బిగించుకుంటే సరిపోతుందని మావారు అంటున్నారు. ఏం చేయమంటారు?
— ఒక పాఠకురాలు, గుంటూరు

జవాబు: అమ్మా, ముందు మీవారి ఆలోచన సంగతి చెబుతాను. ఎందుకంటే ఆ పని స్వయంగా చేసినవాణ్ణి నేను. విజయవాడ ఆటోనగర్‌లో ముప్పై ఏళ్లు సీట్ల షెడ్డు నడిపాను. తొంభైల్లో వ్యాన్లకీ, పొడుగు డిక్కీ ఉన్న బళ్లకీ వెనక బెంచీ వేసిపెట్టమని చాలామంది వచ్చేవాళ్లు. ఇనుప చట్రం వెల్డింగ్ చేసి, నాలుగు బోల్టులు నేలలోకి దించి, ఫోము వేసి రెగ్జిన్ కుట్టేవాళ్లం. పొద్దున తెచ్చిన బండి సాయంత్రానికి తయారు. చూడ్డానికి కంపెనీ సీటులాగే ఉండేది.

అలా బిగించిన ఒక బండికి ఆర్నెల్ల తర్వాత ఏలూరు రోడ్డులో సడన్ బ్రేక్ పడింది. బోల్టులు నేల రేకుని చీల్చుకుని పైకి లేచొచ్చాయి. బెంచీ మీదున్న పిల్లాడు బెంచీతో సహా వెళ్లి ముందు సీటుకి కొట్టుకున్నాడు. భుజం ఎముక విరిగింది. వాళ్ల నాన్న నన్ను ఒక్క మాట అనలేదు, బండి తెచ్చి షెడ్డు ముందు నిలిపాడు. లోపలికి దూరి ఆ చీలిన రేకుని చేత్తో తడిమాను. నా చూపుడు వేలు పట్టేంత కంత. బోల్టు మాత్రం చెక్కు చెదరకుండా ఉంది, దానికి నట్టు కూడా అలాగే ఉంది. తప్పు బోల్టులో లేదు, దాన్ని ఎక్కడ దించామన్న దాంట్లో ఉంది. ఆ రోజు నుంచి ఆ పని ముట్టుకోలేదు. ఇప్పటికీ ఎవరైనా అడిగితే వద్దనే చెబుతాను.

కంపెనీ సీటు బిగించే చోట నేల కింద మందపాటి అడ్డపట్టీ ఉంటుంది. బెల్టు కొక్కేలు బండి స్తంభాల్లోకి పోతాయి. అవి లేనిచోట మనం ఎంత గట్టి బోల్టు వేసినా పట్టుకునేది పల్చటి రేకునే. పైగా మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం ఆర్‌సీలో ఉన్న వివరాలకు భిన్నంగా బండిని మార్చకూడదు. ఆర్‌సీలో సీట్లు ఐదు అని ఉండి బండిలో ఏడు ఉంటే, ఏదైనా జరిగిన రోజున ఇన్సూరెన్స్ వాళ్లు మొదట పట్టుకునేది అదే. మీవారికి ఈ పేరా చదివి వినిపించండి.

మీ తమ్ముడి కారు విషయం. అక్కడ అవి మామూలే. పాత వోల్వో ఎస్టేట్లలోనూ, బెంజ్ ఈ క్లాస్ ఎస్టేట్లలోనూ అదనపు డబ్బు కడితే డిక్కీలో పిల్లల కోసం మడత సీట్లు ఇచ్చేవాళ్లు. పిల్లలు వెనక అద్దం వైపు తిరిగి కూర్చునేవాళ్లు. ప్యూజో 308 ఎస్‌డబ్ల్యూలోనూ అదనపు సీట్లు తీసుకునే వీలుండేది, అవి ముందుకే తిరిగి ఉండేవి. మన దగ్గర 1992లో టాటా ఎస్టేట్ వచ్చింది, తర్వాత మారుతి బలెనో ఆల్టురా వచ్చింది. రెండూ నిలబడలేదు. మనవాళ్లకి ఎస్టేట్ ఎక్కలేదు. ఆ చోటు క్వాలిస్, ఇన్నోవా, ఆ తర్వాత ఎర్టిగా తీసేసుకున్నాయి. కాబట్టి మీరు చూడాల్సింది ఏడు సీట్ల బళ్లనే.

ఇక అసలు సంగతికి వద్దాం. ఏడు సీట్ల కారు కొనేవాళ్లంతా ఇంజను గురించి, మైలేజీ గురించి అడుగుతారు. మూడో వరుసలో ఎవరు కూర్చుంటారో ముందుగా తేల్చుకుని వచ్చినవాళ్లు నాకు అరుదుగా కనిపించారు. మీ ఇంట్లో ఆ వరుసలోకి వెళ్లగలిగింది ఇద్దరే, బాబు, పాప. అత్తయ్యగారు వెళ్లలేరు, వెళ్లకూడదు కూడా. మధ్య సీటు మడిచి, వంగి, ఒక కాలు లోపల పెట్టి, ఒళ్లు పక్కకి తిప్పి దూరాలి. ఆపరేషన్ అయిన మోకాలికి ఆ తిరుగుడు మంచిది కాదు.

షోరూంకి ఆవిణ్ణి తీసుకెళ్లండి. ఆవిడ లేకుండా ఏ కారూ ఖాయం చేయకండి. మధ్య వరుస తలుపు తీసి మీరు చెయ్యి అందించకుండా చూడండి. ముందు కూర్చుని, తర్వాత రెండు కాళ్లూ లోపలికి తిప్పుకోగలుగుతున్నారా? లేచేటప్పుడు దేన్ని పట్టుకుంటున్నారు? పైన పట్టుకునే పిడి ఉందా? సీటు అంచు ఆవిడ తొడ మధ్యకి వస్తే బాగున్నట్టు. అంతకంటే కిందికి ఉంటే కుర్చీ పీట మీద కూర్చున్నట్టు మోకాళ్లు పైకి లేస్తాయి.

మూడో వరుసలో మీరే వెళ్లి కూర్చోండి. నేల నుంచి సీటు అంచుకి ఎంతుందో జానతో కొలవండి. మూడో వరుసలో ఈ ఎత్తు తక్కువే ఉంటుంది, ఎందుకంటే కింద వెనక ఇరుసు, టైరు చోటు ఉంటాయి. అడుగు కూడా లేకపోతే పెద్దవాళ్లకి తొడల కింద ఆసరా ఉండదు, బరువంతా నడుం మీద పడుతుంది. తెనాలి దాకా తెలీదు. ఒంగోలు దాటాక తెలుస్తుంది. మీ ఆడపడుచుగారు పండక్కి ఆ సీట్లో కూర్చుని తిరుపతి వెళ్లాలంటే కష్టమే.

ఇప్పుడు రెండు బళ్లు పక్కపక్కన పెట్టుకుందాం. కియా కారెన్స్ మంచి బండే, మన పెనుకొండలోనే తయారవుతుంది. కానీ మీ బడ్జెట్‌కి అంచులో ఉంది. అందుకని మారుతి ఎర్టిగా, రెనో ట్రైబర్ చాలు.

ట్రైబర్‌లో మూడో వరుస సీట్లు రెండూ విడివిడిగా ఊడి వస్తాయి. మీ తమ్ముడి కారుకి ఇక్కడ దగ్గరి బంధువు అదే. రెండు సీట్లూ ఉంటే డిక్కీ 84 లీటర్లే. మనింట్లో తెప్పించుకునే 20 లీటర్ల నీళ్ల క్యాన్ల లెక్కలో చెప్పాలంటే నాలుగు క్యాన్లు. ఒక సీటు తీసేస్తే 320 లీటర్లు, పదహారు క్యాన్లు. రెండూ తీసేస్తే 625. ఎర్టిగాలో సీట్లు ఊడవు, మడవాలి. ఏడుగురూ కూర్చుంటే 209 లీటర్లు, పది క్యాన్లు. మూడో వరుస మడిస్తే 550.

మీ ఇంటి లెక్కకి ట్రైబర్‌లో ఒక సీటు తీసేస్తే వచ్చే ఆ 320 లీటర్ల అంకె బాగా కలిసొస్తుంది. ఊరెళ్లే రోజున మీరిద్దరూ ముందు, అత్తయ్యగారు, మామయ్యగారు, పాప మధ్యలో, బాబు వెనక ఒక్క సీట్లో. రెండో సీటు ఇంట్లో వదిలేస్తే ఆ పక్కన 25 కిలోల బియ్యం బస్తాలు రెండు నిలబడతాయి. ఒక్కటి మరిచిపోకండి, బస్తాని తాడుతో కట్టాలి. బ్రేకు వేసినప్పుడు అది బాబు మీదికి రాకూడదు.

సీటు మళ్లీ పెట్టేటప్పుడు శ్రద్ధ కావాలి. నేలలో లాకు పడే గాడిలో బియ్యం గింజ ఇరుక్కున్నా, మిరపకాయ తొడిమ ఇరుక్కున్నా కొక్కెం పూర్తిగా దిగదు. చిన్న కుంచెతో గాడి తుడిచి, సీటు దింపి, టక్‌మని వినపడ్డాక రెండు చేతులతో గట్టిగా గుంజి చూడండి. కదిలితే పడలేదన్నమాట. తీసిన సీటుని దుప్పటి కప్పి మంచం కింద పెట్టకండి. ఎలుకలకి ఫోము అంటే ప్రాణం. గోడకి ఆనించి, నేలకి కాస్త ఎత్తులో పెట్టండి.

ట్రైబర్‌లో నాకు నచ్చనిది ఇంజను. 999 సీసీ, 72 గుర్రాల బలం. ఊళ్లో హాయిగా పోతుంది. ఏడుగురు తలా 65 కిలోలు అనుకుంటే 455 కిలోలు, దానికి సామాను. అంత బరువుతో వినుకొండ మీదుగా దోర్నాల చేరి శ్రీశైలం ఘాట్ ఎక్కేటప్పుడు రెండో గేరు వదలనివ్వదు. ఏసీ వేసుకుని లారీని దాటాలంటే టెన్షన్‌గా ఉంటుంది. ఎర్టిగా 1462 సీసీ, అక్కడ తేడా తెలుస్తుంది. అయితే దాని పొడవు నాలుగు మీటర్లు దాటుతుంది, ట్రైబర్ నాలుగు మీటర్ల లోపే. దాదాపు మూరెడు తేడా. బ్రాడీపేట అడ్డరోడ్ల మలుపుల్లో రోజూ తిప్పేది మీరు కాబట్టి ఆ మూరెడు మీకే తెలుస్తుంది. పన్ను సంగతి కూడా చెప్పాలి. 2025 సెప్టెంబరు 22 నుంచి నాలుగు మీటర్ల లోపు, 1200 సీసీ లోపు పెట్రోలు కార్లకి జీఎస్టీ 18 శాతం. ఎర్టిగా లాంటివాటికి 40.

నా సలహా ట్రైబర్. ఏడాదిలో 350 రోజులు మీరు నడిపేది పిల్లల బడికీ, ఆఫీసుకీ, తెనాలి పక్క ఊరికీ. ఆ రెండు తిరుపతి ప్రయాణాలకి డ్రైవర్‌తో సహా ఇన్నోవా అద్దెకి తీసుకోండి. అత్తయ్యగారు ఆ దూరం సుఖంగా వెళ్తారు, మీరూ ఘాట్ రోడ్డు మీద నడపక్కర్లేదు. నెలకోసారి దూరప్రయాణం ఉండుంటే ఎర్టిగానే చెప్పేవాణ్ణి.

పిల్లల బెల్టు గురించి ఒక్క మాట. పద్నాలుగేళ్ల లోపు పిల్లలకి బెల్టుగానీ, పిల్లల సీటుగానీ లేకపోతే 194బి సెక్షన్ కింద వెయ్యి రూపాయల జరిమానా. జరిమానా మాట పక్కన పెట్టండి. ఆరేళ్ల పాపకి పెద్దవాళ్ల బెల్టు మెడ మీదుగా వస్తుంది. బూస్టర్ సీటు ఒకటి కొనండి, బెల్టు భుజం మీదికి దిగుతుంది.

ప్రశ్న: ఎర్టిగా సీఎన్‌జీ తీసుకుంటే ఖర్చు తగ్గుతుందని అందరూ అంటున్నారు. మేం ఏడుగురం, నెలనెలా అన్నవరం వెళ్తాం. తీసుకోవచ్చా?
— ఒక పాఠకుడు, తాడేపల్లి

జవాబు: ఖర్చు తగ్గే మాట నిజమే. కానీ సిలిండర్ మూడో వరుస వెనకే కూర్చుంటుంది. ఏడుగురు ఎక్కాక సంచులు ఒళ్లోనే పెట్టుకోవాలి. నలుగురు ఐదుగురే వెళ్లే ఇంటికి, మూడో వరుస మడిచి సామాను పెట్టుకునేవాళ్లకి మంచి బండి. మీకు పెట్రోలే మేలు. తీసుకున్నా సరే, సిలిండర్‌కి మూడేళ్లకోసారి హైడ్రో టెస్టు, అంటే నీళ్ల ఒత్తిడితో దాని గట్టిదనం చూసే పరీక్ష, చేయించడం మరవకండి.

ప్రశ్న: విజయవాడలో 2021 మోడల్ ఏడు సీట్ల కారు ఒకటి మార్కెట్ ధరకన్నా బాగా తక్కువకి వస్తోంది. లోపలంతా కొత్తగా ఉంది. బుడమేరు నీళ్లలో మునిగిందేమోనని అనుమానం. ఎలా తెలుసుకోవాలి?
— ఒక పాఠకుడు, పటమట

జవాబు: మీ అనుమానం సరైనదే, బాబూ. 2024 సెప్టెంబరు మొదట్లో సింగ్‌నగర్, పాయకాపురం వైపు ఎన్ని కార్లు రోజుల తరబడి నీళ్లలో నిలబడ్డాయో మనందరం చూశాం. వాటిలో కొన్నింటిని నిజాయితీగా చెప్పే అమ్ముతారు, అందులో తప్పులేదు. చెప్పకుండా అమ్మేవాటితోనే ప్రమాదం.

లోపలంతా కొత్తగా ఉందన్నారే, అక్కడే ఆగండి. అయిదేళ్ల బండికి ముందు సీట్ల ఫోము కొంచెం అణిగి ఉండాలి. అన్నీ కొత్తవైతే ఎందుకు మార్చారో అడగండి. శుభ్రం చేసేవాళ్లు ముందు భాగం బాగా చేస్తారు, మూడో వరుసని తేలిగ్గా వదిలేస్తారు. కాబట్టి మీరు వెనక నుంచి మొదలుపెట్టండి. మూడో వరుస బెల్టుని చివరిదాకా, ఇక రాదనేంతవరకు లాగండి. చుట్టలో లోపలున్న ఆఖరి మూరెడు బెల్టు ఎవరూ కడగరు. బురద నీళ్లు తగిలితే అక్కడ అడ్డంగా మట్టి రంగు గీత ఉంటుంది, పట్టుకుంటే బిరుసుగా తగులుతుంది. తర్వాత సీటు కింద పట్టాల్లో బోల్టుల తలలు చూడండి. నీళ్లలో మునగని బండికి అక్కడ బోల్టులు మామూలుగా తుప్పు పట్టవు. స్టెప్నీ ఉండే గుంటలో కార్పెట్ ఎత్తి మూలల్లో వేలు పెట్టి చూడండి, సన్నటి ఒండ్రు చేతికి అంటుకుంటుంది. అద్దాలన్నీ మూసి పావుగంట ఎండలో ఉంచి, తలుపు తీయగానే వచ్చే వాసన కూడా చూడండి. కారు సెంటు ఘాటుగా కొడుతుంటే ఆ సెంటు సీసా తీసేయమని చెప్పి, మర్నాడు మళ్లీ వెళ్లండి.

సర్వీసు పుస్తకంలో 2024 సెప్టెంబరు, అక్టోబరు పేజీలు, ఆ ఏడాది ఇన్సూరెన్స్ క్లెయిం వివరాలు అడిగి తీసుకోండి. ఇవన్నీ బాగుంటే బేరం ఆడండి. చూడ్డానికి వెళ్లేటప్పుడు టార్చిలైటు, ఒక పాత తువ్వాలు వెంట పెట్టుకోండి. మూడో వరుస దగ్గర మోకాళ్ల మీద కూర్చోవాల్సి వస్తుంది.