కెర్నెల్ ఎక్కడ ఆగిందో దానిచేతే చెప్పించండి

ప్రశ్న: అన్నా, నేను పర్లాకిమిడిలో డిప్లొమా చదువుతున్నా. సొంతంగా చిన్న కెర్నెల్ (ఆపరేటింగ్ సిస్టమ్‌కి గుండెకాయ లాంటి ప్రోగ్రాం) రాస్తున్నా. గ్రబ్ అనే బూట్‌లోడర్‌తో (కెర్నెల్‌ని మెమరీలోకి తెచ్చి నడిపించే ప్రోగ్రాం) బూట్ అవుతోంది, స్క్రీన్ మీద అక్షరాలూ వస్తున్నాయి. కానీ ఇంటరప్టులు (చేస్తున్న పని ఆపి తమని చూసుకోమని ప్రాసెసర్‌కి వచ్చే పిలుపులు) ఆన్ చేయగానే, నేను కెర్నెల్‌ని నడిపి చూసే క్యూఎము అనే ఉత్తుత్తి కంప్యూటర్ మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతోంది. వారం నుంచి ఇదే టెన్షన్.

జవాబు: తమ్ముడూ, దీన్ని ట్రిపుల్ ఫాల్ట్ అంటారు. ఒక తప్పు జరిగింది, దాన్ని చూసుకోవాల్సిన కోడ్ (దాన్నే హ్యాండ్లర్ అంటారు) దొరకలేదు, అప్పుడు వచ్చే డబుల్ ఫాల్ట్‌కీ దిక్కు లేదు, ఇక ప్రాసెసర్ చేతులెత్తేసి రీసెట్ అవుతుంది. నువ్వు చెప్పినదాన్ని బట్టి నా అనుమానం క్రమం తప్పకుండా ఇంటరప్ట్ పంపే టైమర్ మీద. 0 నుంచి 31 దాకా ఉన్న ఇంటరప్ట్ నంబర్లను ఇంటెల్ ప్రాసెసర్ సొంత అవసరాలకు పక్కన పెట్టుకుంది. 1981లో వచ్చిన ఐబీఎం పీసీలో మాత్రం టైమర్‌ని 8వ నంబరుకు కట్టారు, ఆ ఏర్పాటే ఇప్పటిదాకా వస్తోంది. నీ కెర్నెల్ నడిచే ప్రొటెక్టెడ్ మోడ్‌లో 8 అంటే డబుల్ ఫాల్ట్. అంటే టైమర్ మామూలుగా ఒక్కసారి కొట్టినా నీ కెర్నెల్‌కి అది డబుల్ ఫాల్ట్‌లాగే కనిపిస్తుంది. పైగా అసలు డబుల్ ఫాల్ట్ అయితే స్టాక్ (ప్రాసెసర్ తాత్కాలిక వివరాలు పేర్చుకునే చోటు) మీద ఎర్రర్ కోడ్ ఉంటుంది, టైమర్‌కి ఉండదు, కాబట్టి 8కి హ్యాండ్లర్ రాసి పెట్టుకున్నా స్టాక్ లెక్క తప్పుతుంది.

పిక్‌ని (పరికరాల ఇంటరప్టులను ప్రాసెసర్‌కి చేరవేసే చిప్) రీమ్యాప్ చేసి టైమర్‌ని 32కి, కీబోర్డ్‌ని 33కి మార్చు. ఇలా పిక్ నుంచి వచ్చే ప్రతి ఇంటరప్ట్ హ్యాండ్లర్ చివర పిక్‌కి 'పని అయింది' అనే సంకేతం పంపడం మరిచిపోవద్దు, అది పంపకపోతే టైమర్ ఒక్కసారి కొట్టి ఊరుకుంటుంది. గ్రబ్ ఇచ్చిన జీడీటీని (మెమరీ భాగాల వివరాలు ప్రాసెసర్‌కి చెప్పే పట్టిక) నమ్ముకోకుండా నీది నువ్వే లోడ్ చేసుకో.

ఇంతకన్నా ముఖ్యమైనది ఇంకొకటి ఉంది. స్క్రీన్ కంటే ముందు సీరియల్ పోర్ట్‌కి (అక్షరాలను ఒకదాని వెంట ఒకటి బయటికి పంపే దారి) కోడ్ రాయాలి. మొదటి సీరియల్ పోర్ట్ అయిన కామ్1 అడ్రస్ హెక్స్‌లో 3ఎఫ్8, దానికి కావాల్సిన కోడ్ ఒక పేజీ కూడా ఉండదు. క్యూఎములో దాన్ని టెర్మినల్‌కి కలిపితే కెర్నెల్ చచ్చిపోయినా అది చివరగా ఏం చెప్పిందో నీ కళ్లముందే ఉంటుంది. తర్వాత 0 నుంచి 31 దాకా అన్ని ఎక్సెప్షన్లకీ (ప్రాసెసర్ తనంతట తాను పట్టుకునే తప్పులు) చిన్న హ్యాండ్లర్లు పెట్టి, ఏ నంబరు వచ్చింది, ఏ అడ్రస్ దగ్గర వచ్చింది అని ప్రింట్ చేయించు. 14 వస్తే పేజ్ ఫాల్ట్, ఏ అడ్రస్‌ని ముట్టుకోబోయి వచ్చిందో ప్రాసెసర్‌లోని సీఆర్2 రిజిస్టర్‌లో దొరుకుతుంది. ఈ పని వదిలేసి ఫైల్ సిస్టమ్ మొదలుపెట్టేవాళ్లని చూస్తే నాకు బాధగా ఉంటుంది, ఎందుకంటే వాళ్లలో చాలామంది కెర్నెల్ ఎక్కడ పడిపోయిందో తెలియకే విసిగిపోయి మానేస్తారు.

ప్రశ్న: మాది సిరొంచ. ఇక్కడ సిగ్నల్ అంతంతమాత్రం, నా దగ్గరున్నది పాత ల్యాప్‌టాప్. నేను మొదలుపెట్టొచ్చా?

జవాబు: నిక్షేపంగా మొదలుపెట్టండి. నెట్ బాగా దొరికే ఊరికి వెళ్లిన రోజున క్యూఎము, జీసీసీ కంపైలర్ సోర్సు, ఇంటెల్ మాన్యువల్ మూడో సంపుటం, ఎంఐటీ వాళ్లు పాఠాల కోసం రాసిన ఎక్స్‌వీ6 అనే చిన్న ఆపరేటింగ్ సిస్టమ్ సోర్సు, దాని పుస్తకం దించుకోండి. ఆ తర్వాత నెలల తరబడి నెట్ అవసరం పెద్దగా పడదు. బూట్‌లోడర్ సొంతంగా రాయాలన్న పట్టుదల మాత్రం ఇప్పుడు వద్దు. 512 బైట్ల బూట్ సెక్టార్‌లో అన్నీ ఇరికించడం సరదాగానే ఉంటుంది గానీ దానివల్ల కెర్నెల్ గురించి తెలిసేది తక్కువ.

ప్రశ్న: మా రాయగడలో బోర్డులన్నీ ఒడియాలో ఉంటాయి, ఇంట్లో మాట్లాడేది తెలుగు. నా కెర్నెల్ లేవగానే 'నమస్కారం' అని తెలుగులో చూపించాలని నాకెంతో ఆశ. కుదురుతుందా?

జవాబు: కుదురుతుందమ్మా, చాలా మంచి ఆశ! కాకపోతే 80 నిలువు వరసలు, 25 అడ్డ వరసలు ఉండే పాత టెక్స్ట్ మోడ్‌లో కాదు. అందులో పట్టేది 256 ఆకారాలు, కిటుకు వాడితే 512, అదీ ఒక గడిలో ఒక్క అక్షరం చొప్పున. మన రాత అలా గడుల్లో ఒదగదు. 'స్త్రీ' చూడండి, కంటికి ఒకే అక్షరం, యూనికోడ్‌లో ఆరు కోడ్ పాయింట్లు (విడివిడి గుర్తుల నంబర్లు), యూటీఎఫ్-8లో 18 బైట్లు. ఏ వత్తు ఎక్కడ కూర్చోవాలో తేల్చే పనిని షేపింగ్ అంటారు, మామూలు సిస్టమ్‌లలో హార్ఫ్‌బజ్ లాంటి లైబ్రరీలు ఆ పని చేస్తాయి. దాన్ని కెర్నెల్‌లోకి లాగకండి, అది ఎప్పటికైనా యూజర్ ప్రోగ్రాములు చేసుకోవాల్సిన పని.

మొదటి పలకరింపుకి అంత అవసరం లేదు. గింప్ అనే బొమ్మల ప్రోగ్రాంలో నలుపు మీద తెలుపుతో 'నమస్కారం' అని రాసి, ఆ బొమ్మని సీ హెడర్ ఫైల్‌గా ఎగుమతి చేసి కెర్నెల్‌తో కలిపి కంపైల్ చేయండి. లిమైన్ బూట్‌లోడర్ వాడితే ఫ్రేమ్‌బఫర్ (స్క్రీన్ మీది బొమ్మ ఉండే మెమరీ) అడ్రస్ అదే ఇస్తుంది, మీరు ఒక్కో పిక్సెల్‌నీ అందులోకి రాస్తూ పోవడమే. 1024 బై 768 స్క్రీన్‌కి పిక్సెల్‌కి 4 బైట్లు అంటే 3 ఎంబీ. ఒక్క జాగ్రత్త: ఒక వరసకి ఎన్ని బైట్లో వెడల్పుని 4తో హెచ్చవేసి లెక్కకట్టొద్దు, బూట్‌లోడర్ ఇచ్చే పిచ్ (మెమరీలో ఒక వరసకి పట్టే బైట్లు) విలువే వాడండి. ఆ రెండూ ఒకటే కానక్కర్లేదు, తేడా ఉన్నచోట 'నమస్కారం' మొత్తం ఏటవాలుగా జారిపోయి కనిపిస్తుంది.