టీవీ పోస్ట్ ప్రొడక్షన్‌లో ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ వాడొచ్చా?

ఎపిసోడ్ ఫైళ్లు చానెల్‌కి వెళ్లే ముందు చేసే చిల్లర పనులన్నీ ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్‌లోనే చేయాలా, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి (టైప్ చేసిన కమాండ్లతో వీడియో, ఆడియో ఫైళ్లను మార్చే ఉచిత సాఫ్ట్‌వేర్) అప్పగించొచ్చా అని అడిగారు. అప్పగించొచ్చు. నేను ఫినిషింగ్‌లో (ఎపిసోడ్‌కి చివరి మెరుగులు దిద్దే విభాగం) పనిచేస్తాను, ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ లేకుండా నాకు రోజు గడవదు. అయితే మనం చెప్పనిదాన్ని అది తనకు తోచినట్టు నిర్ణయించుకుంటుంది. టీవీ పనిలో చిక్కంతా అక్కడే.

అన్నిటికన్నా ముందు ఆడియో సంగతి చూసుకోండి. ఎంఎక్స్‌ఎఫ్ (టీవీ వాళ్లు వాడే ఫైల్ రకం) మాస్టర్‌లో తరచుగా 8 మోనో ట్రాకులు విడివిడిగా ఉంటాయి. కంటైనర్ (వీడియో, ఆడియోలను కలిపి ఉంచే ఫైల్ రకం) మార్చడమే కదా అని కోడెక్ కాపీ (మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా ఉన్నదున్నట్టు తీసుకోమనే ఆప్షన్) ఒక్కటే పెడితే, వీడియోతో పాటు ఒక్క ఆడియో ట్రాక్ మాత్రమే వస్తుంది. ఎర్రర్ ఏమీ రాదు, ప్లేయర్‌లో మాటలు కూడా వినిపిస్తాయి. మ్యూజిక్, ఎఫెక్ట్స్ ట్రాకులు పోయాయని డబ్బింగ్ వాళ్లు ఫోన్ చేసేదాకా తెలియదు. అందుకే మ్యాప్ ఆప్షన్‌తో వీడియో అంతా, ఆడియో అంతా కావాలని రాయాల్సిందే. ఆ తర్వాత ఎఫ్‌ఎఫ్‌ప్రోబ్‌తో (దానితో పాటే వచ్చే, ఫైల్ వివరాలు చూపించే టూల్) పాత, కొత్త ఫైళ్లు రెండిటిలో ట్రాకులు లెక్కపెట్టండి. టైమ్‌కోడ్ (ప్రతి ఫ్రేమ్‌కి ఉండే సమయం నంబరు) ఎక్కడ మొదలవుతోందో కూడా అప్పుడే చూసేయండి.

లౌడ్‌నెస్‌కి లౌడ్‌నార్మ్ ఫిల్టర్ ఉంది. యూరప్ ప్రసార సంస్థల లౌడ్‌నెస్ ప్రమాణం ఈబీయూ ఆర్128 ప్రకారం మైనస్ 23 లఫ్స్ (లౌడ్‌నెస్ కొలిచే యూనిట్) ఉండాలి, ఫిల్టర్ డిఫాల్ట్ మైనస్ 24. కాబట్టి అంకె మీరే ఇవ్వండి. మొదటి పాస్‌లో కొలిచి, ఆ విలువలతో రెండో పాస్ నడపండి. ఒకే పాస్‌లో లాగిస్తే సన్నివేశం మధ్యలో లెవెల్ పైకీ కిందకీ కదులుతుంది. మెల్లగా మాట్లాడే సీన్లలో అది చెవికి తెలిసిపోతుంది, నాకు అసలు నచ్చదు. శాంపిల్ రేటు 48 కిలోహెర్ట్జ్ అని కూడా రాయండి, లేదంటే 192తో బయటికి రావచ్చు.

ఇంటర్‌లేస్డ్ ఫుటేజ్‌ని (ఒక్కో ఫ్రేమ్‌లో సరి, బేసి గీతలు రెండు ఫీల్డులుగా విడివిడిగా ఉండేది) డీఇంటర్‌లేస్ చేయకుండా, అంటే పూర్తి ఫ్రేములుగా మార్చకుండా, సైజు తగ్గించకండి. రెండు ఫీల్డులూ కలిసిపోయి, కదిలే అంచులు పాడవుతాయి. ఫుటేజ్ ఇంటర్‌లేస్డా కాదా అని అనుమానం ఉంటే, ముందు దాన్ని కనిపెట్టే ఐడెట్ ఫిల్టర్ నడిపి చూడండి.

ప్రాక్సీలు (ఎడిటింగ్‌కి వాడే తేలికపాటి కాపీలు) తయారు చేయడం, కంటైనర్ మార్పు, నల్ల ఫ్రేములు, నిశ్శబ్దం వెతకడం లాంటివి నిశ్చింతగా దీనికి వదిలేయండి. ఫైనల్ మాస్టర్ మాత్రం నేను ఇప్పటికీ చానెల్ ఇచ్చిన స్పెక్ ప్రకారం ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్ నుంచే తీస్తాను. ఎంత తొందరలో ఉన్నా దాన్ని మొదటి నుంచి చివరి దాకా ఒకసారి కూర్చుని చూశాకే పంపిస్తాను.