పారిస్‌లో బియెవ్ర్ వీధి ఉంది, మరి బియెవ్ర్ నది ఏది?

ఐదో వార్డులో బియెవ్ర్ పేరుతో వీధి ఉంది, నది మాత్రం మ్యాప్‌లో లేదేంటని అడిగారు. నది ఉందండీ, కానీ పారిస్‌లో వెతికితే దొరకదు. నేను పారిస్‌కి దక్షిణాన ఆంటొనీ అనే ఊళ్లో ఉన్నప్పుడు ఆదివారాలు దాని వెంబడే నడిచేవాణ్ణి.

వెర్సాయ్ పక్కన గుయాంకూర్‌లో పుట్టి, చెరువులు దాటుకుంటూ తూర్పుకి బ్యూక్, జూయ్-ఆన్-జోజాస్, బియెవ్ర్ అనే ఊరు, ఇవన్నీ చుట్టుకుని వచ్చి, ఆంటొనీ దగ్గర ఉత్తరానికి తిరిగి కషాన్, ఆర్కెయ్, జాంతియి మీదుగా పారిస్ పదమూడో వార్డులోకి పోతుంది. మొత్తం 35 కిలోమీటర్లు అటూ ఇటూ. మన వైపైతే వాగు అనేవాళ్లం. ఆంటొనీ దాటాక చాలావరకు భూమి కింద గొట్టాల్లోనే.

పారిస్‌లో గోబెలాన్ అనే కుటుంబపు అద్దకాలవాళ్లు, తోళ్లు ఊనేవాళ్లు, చాకళ్లు అందరూ దీని మీదే పడ్డారు, కంపు భరించలేక 1912 కల్లా పూర్తిగా కప్పేశారు. అక్కడున్న రెనె ల గాల్ పార్కు ఒకప్పుడు రెండు పాయల మధ్య లంక! మీరు చూసిన వీధి అసలు నది మీద లేదు, 12వ శతాబ్దంలో సాన్ విక్తోర్ మఠం వాళ్లు తమ తోటలకి మళ్లించుకున్న కాలువ అటుగా వెళ్లి సేన్ నదిలో కలిసేది, దాని గుర్తు అది.

నన్నడిగితే చూడాల్సింది జూయ్. కోరమాండల్ తీరం నుంచి, అంటే మన బందరు వైపు నుంచి కూడా, వెళ్లిన అద్దకపు బట్టల మోజు తట్టుకోలేక ఫ్రాన్స్ 1686లో వాటిని నిషేధించింది (1669లో బందరులో కొట్టు తెరిచింది కూడా ఫ్రెంచివాళ్లే). 1759లో నిషేధం ఎత్తేయగానే, మరుసటి ఏడాదే ఓబెర్‌కాంఫ్ అనే వ్యాపారి ఈ నీళ్లు చూసుకుని జూయ్‌లో అచ్చు బట్టల ఫ్యాక్టరీ పెట్టాడు. ఉతికి ఆరేయడానికి ఒడ్డున పచ్చిక మైదానాలు కూడా కావాలి కదా. ఇప్పుడక్కడ ఆ బట్టల మ్యూజియం ఉంది.

మాసీ-వెర్సాయ్ రైల్లో జూయ్‌లో దిగి ఇన్యీ అనే ఊరి వైపు నడవండి. వాన పడితే బురద, మంచి బూట్లు వేసుకోండి. అంత దూరం ఓపిక లేకపోతే ఆర్‌ఈఆర్ బి రైలెక్కి లాప్లాస్ స్టేషన్‌లో దిగండి, ఆర్కెయ్-జాంతియి మధ్య 600 మీటర్ల మేర నదిని 2022లో మళ్లీ పైకి తెరిచారు.