పెరటి సాగు: క్యారెట్‌పై మీ ప్రశ్నలు

ప్రశ్న: వంగ, టమాటాలాగే క్యారెట్‌కూ నారు పోసి, నెల తర్వాత మడిలో నాటాం. ఆకు ఏపుగా ఉంది. తవ్వితే ఒక్కో దుంపకు రెండు మూడు కాళ్లు! మట్టిలో లోపమా?

జవాబు: మట్టి కంటే ముందు నారును అనుమానించాలి. క్యారెట్‌లో మనం తినేది తల్లివేరునే. మొలకెత్తిన కొద్ది రోజులకే అది నిలువునా లోతుకు దిగుతుంది. నారు పీకేటప్పుడు దాని కొస తెగినా, నాటేటప్పుడు మడత పడినా దుంప చీలుతుంది, వంకర పోతుంది. అందుకే ఈ పంటకు నారు పద్ధతి వద్దు, విత్తనాన్ని నేరుగా మడిలోనే వేయండి.

నేరుగా విత్తినా చీలితే, అప్పుడు మట్టిని చూడాలి. వేరుకు రాయో, గట్టి పెళ్లో అడ్డం వచ్చినా ఇదే జరుగుతుంది. 30 సెంటీమీటర్ల లోతు తవ్వి, పెళ్లలు చిదిపి, రాళ్లు ఏరేయండి. బంకమట్టి అయితే ఎత్తు మడి కట్టి, పొట్టి రకాలు వేసుకోవడం తెలివైన పని. పచ్చి పేడ అసలు వద్దు, బాగా చివికిన ఎరువే వాడాలి. నత్రజని ఎక్కువైతే ఆకు బలుస్తుంది, దుంప సన్నబడి పీచువేళ్లు పెరుగుతాయి. మీ మడిలో ఆకు అంత ఏపుగా ఉందంటే ఎరువు కూడా కాస్త ఎక్కువే పడి ఉండొచ్చు. సన్నవేళ్ల మీద బుడిపెలు కనిపిస్తే మాత్రం అది నులిపురుగుల పని. ఆ మడిలో మళ్లీ వెంటనే క్యారెట్ వేయకండి.

ప్రశ్న: విత్తి పది రోజులైనా మొలకలు అక్కడక్కడే కనిపిస్తున్నాయి. తిరగదున్ని మళ్లీ వేయాలా?

జవాబు: తొందరపడకండి. క్యారెట్ మొలవడానికి ఒకటి నుంచి మూడు వారాలు పడుతుంది. ఈలోగా పైమట్టి ఆరి పెచ్చు కట్టిందంటే, దారంలాంటి ఆ మొలక దాన్ని చీల్చుకుని రాలేదు. విత్తనం ఒక సెంటీమీటరు లోతు దాటకూడదు. పైన తడి గోనెపట్టా పరిచి, రోజూ ఎత్తి చూస్తూ, తొలి మొలక కనిపించగానే తీసేయండి. ఒక్కరోజు ఆలస్యమైనా మొలకలు పాలిపోయి సాగుతాయి. మట్టి వేడి 30 డిగ్రీలు దాటితే మొలక శాతం పడిపోతుంది, చల్లని కాలమే దీనికి అనువు.

సన్న విత్తనం కాబట్టి పొడి ఇసుకలో కలిపి చల్లితే సమంగా పడుతుంది. అయినా ఒత్తుగానే మొలుస్తాయి. మొక్కలు 5 సెంటీమీటర్లు పెరిగాక, మధ్య 4–5 సెంటీమీటర్ల ఎడం ఉండేలా పలచన చేయాలి. పీకితే పక్కవాటి వేళ్లు కదులుతాయి, కత్తెరతో నేలమట్టానికి కత్తిరించండి. జాలిపడి అన్నీ ఉంచేస్తే ఒక్కటీ లావెక్కదు.

ప్రశ్న: దుంపలు నిలువునా పగులుతున్నాయి, పైభాగం ఆకుపచ్చగా మారుతోంది. ఎప్పుడు తవ్వాలి?

జవాబు: ఎండగట్టి ఒక్కసారిగా నీరు పెడితే దుంప పగులుతుంది. తడి ఒకే తీరుగా ఉండాలి. ఆకుపచ్చదనం ఎండ తగలడం వల్ల, మట్టి ఎగదోస్తే చాలు. రకాన్ని బట్టి 70–100 రోజులకు కోతకొస్తుంది. మొదలు దగ్గర మట్టిని వేలితో తప్పించి చూడండి, మెడ 2–3 సెంటీమీటర్ల లావుంటే సిద్ధం. ముందురోజు నీరు పెట్టి, పక్కన పలుగుతో వదులు చేసి లాగండి, ఆకు పట్టి గుంజితే తెగి చేతికొస్తుంది. ఆ వెంటనే ఆకును కోసేయాలి, లేకుంటే దుంపలోని నీటిని లాగేసి మెత్తబరుస్తుంది. ఫ్రిజ్‌లో ఆపిల్ పండ్ల పక్కన మాత్రం పెట్టకండి. వాటి నుంచి వచ్చే ఇథిలీన్ వాయువుకు క్యారెట్ చేదెక్కుతుంది.