ముందు గోడ ఒక్కటే ఎలా మిగిలింది?

ప్రశ్న: ఇటలీలోని నోర్చియాలో 2016 అక్టోబర్ భూకంపానికి సాన్ బెనెడెట్టో చర్చి దాదాపు అంతా కూలిపోయి, ముందు గోడ మాత్రం నిలబడి ఉన్న ఫోటో చూశానండి. ఇలాంటి పాత రాతి చర్చిలు తట్టుకుంటాయో లేదో ముందే తేల్చలేరా? కంప్యూటర్లో మోడల్ వేస్తే చాలదా? ఇంకో మాట, కమానుల మధ్య అడ్డంగా ఇనుప కడ్డీలు ఎందుకు పెడతారు, అందం చెడగొట్టడానికి కాకపోతే?
- ఒక పాఠకుడు, కాకినాడ

జవాబు: సగం జవాబు మీరు చూసిన ఫోటోలోనే ఉంది. పాత చర్చి అంతా కలిసి ఒకటిగా ఊగదు. ముందు గోడ, పక్క గోడలు, కమాను కప్పు, గుమ్మటం, గంట గోపురం... దేని దారి దానిదే, కూలడం కూడా విడివిడిగానే. 1976లో ఇటలీలోని ఫ్రియూలి ప్రాంతంలో వచ్చిన భూకంపం తర్వాత దెబ్బతిన్న చర్చిలన్నీ చూసుకుంటూ పోయిన ఇంజనీర్లకు ఊరు మారినా కూలే తీరు మారకపోవడం కనిపించింది. ఇప్పుడు ఇటలీలో తనిఖీ ఫారంలో అలాంటి తీరులు 28 ఉంటాయి.

లెక్క కూడా మీరే వేయొచ్చు. 12 మీటర్ల ఎత్తు, 1 మీటరు మందం ఉన్న ముందు గోడకి పక్క గోడలతో అతుకు వదిలేసిందనుకోండి. మందాన్ని ఎత్తుతో భాగిస్తే సుమారు 0.08. అంటే గురుత్వ త్వరణంలో 8 శాతం కుదుపు వస్తే చాలు, గోడ అడుగున ఒక అంచు మీద లేవడం మొదలుపెడుతుంది. లేచినంత మాత్రాన పడిపోదు, మళ్ళీ కుదురుకోవచ్చు కూడా, కానీ ఈ లెక్కలో రాయి ఎంత గట్టిదన్న ప్రశ్నే రాలేదు చూడండి.

మోడల్ వేయరని కాదు, వేస్తారు. కానీ పైకి చక్కగా చెక్కిన రాళ్ళు కనిపిస్తూ, మధ్యలో సున్నంతో కూరిన రాళ్ళ ముక్కలే ఉన్న గోడని ఏకశిల అనుకుని వేసిన మోడల్ ఉత్త రంగుల బొమ్మే. అందుకే ముందు నిచ్చెన వేసుకుని ఎక్కి చూడాలి. 1997 సెప్టెంబర్ 26న ఇటలీలోనే అస్సీసి ఊళ్ళోని బసిలికాలో (పెద్ద చర్చిలో), అర్ధరాత్రి దాటాక వచ్చిన భూకంపానికి ఏం పాడైందో చూస్తుండగా ఉదయం 11.42కి ఇంకోటి వచ్చి కప్పు కూలి నలుగురు చనిపోయారు. కింద నుంచి ఎవరికీ కనపడని చోట, కమానుల పైన శతాబ్దాలుగా పేరుకుపోయిన పెంకులు, రాళ్ళ చెత్త బరువు కూడా ఒక కారణమని తర్వాత తేలింది.

ఇక కడ్డీలు. కమాను గోడల్ని బయటికి తోస్తుంటే పట్టి ఉంచేవి అవే, కాకపోతే బిగువుగా ఉండాలి. కడ్డీని సుత్తితో తట్టి, తంబూరా తీగలా ఎంత వేగంగా కంపిస్తోందో కొలిచి ఆ బిగువు లెక్కగడతారు. నన్నడిగితే, గత శతాబ్దంలో చెక్క కప్పులు పీకేసి ఇలాంటి బలహీనమైన గోడల నెత్తిన పెట్టిన కాంక్రీటు స్లాబులకన్నా ఆ తుప్పు పట్టిన కడ్డీలే నయం. స్లాబు బరువు పెంచుతుంది, కడ్డీ పెంచదు.